బూట్లు కుట్టే ఇంటి నుంచి టెస్టు మైదానానికి – బెట్టీ విల్సన్

సాయంత్రం స్టడీ అవర్ బెల్లు కొట్టేదాకా బ్యాటూ బంతీ వదలని మిత్రులు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. సచిన్ సెంచరీలు ఎన్ని, కుంబ్లే వికెట్లు ఎన్ని అని అడిగితే తడుముకోకుండా చెబుతారు. వారికి ఒక ప్రశ్న. ఒకే టెస్టు మ్యాచ్‌లో సెంచరీ కొట్టి, 10 వికెట్లు కూడా తీసిన మొట్టమొదటి వ్యక్తి ఎవరు? చాలామంది ఇయాన్ బోథం అంటారు. అతను 1980లో బొంబాయిలో మన జట్టు మీదే ఆ పని చేశాడు. కానీ అంతకు 22 ఏళ్ళ ముందే ఆ ఘనత సాధించిన వ్యక్తి ఉంది. ఆమె ఒక మహిళ. పేరు బెట్టీ విల్సన్.

బెట్టీ 1921 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో పుట్టింది. పెరిగింది కాలింగ్‌వుడ్ అనే పేటలో. అది కార్మికుల పేట, బూట్ల ఫ్యాక్టరీలకు పేరుపడిన చోటు. బెట్టీ తండ్రి కూడా బూట్లు కుట్టేవాడే. ఆ దేశంలో మన దగ్గరలా కులం పేరుతో ఆ పనిని అంటరానిదిగా చూడలేదు కానీ, చేతిపని చేసుకునే ఇంట్లో డబ్బు ఇబ్బంది మాత్రం ఎక్కడైనా ఒకటే. ఆమె బాల్యమంతా ప్రపంచాన్ని ఆర్థిక మాంద్యం పీడించిన రోజుల్లోనే గడిచింది.

ఆ వీధిలో పిల్లలకు స్టంపులు లేవు. దీపస్తంభమే వికెట్. బెట్టీ ఆట అక్కడే మొదలైంది. 10 ఏళ్ళ వయసులో ఒకరోజు ఆడవాళ్ళ క్రికెట్ ప్రాక్టీసు చూడడానికి తండ్రితో కలిసి వెళ్ళింది. బంతి తన వైపు దొర్లుకొచ్చింది. దాన్ని తీసి నేరుగా వికెట్ కీపర్ చేతుల్లో పడేలా విసిరింది. ఆ ఒక్క విసురుతో అక్కడున్నవారు ఆమెను గమనించారు. అలా కాలింగ్‌వుడ్ మహిళా క్లబ్బులో చేరింది. పెద్దవాళ్ళ మధ్య ఆడుతూ 16 ఏళ్ళకే విక్టోరియా రాష్ట్ర సీనియర్ జట్టులోకి వచ్చింది. కూతురు వేసుకునే క్రికెట్ బూట్లు తండ్రి తన చేతులతోనే కుట్టి ఇచ్చేవాడు.

ఆమెకు కోచింగ్ సెంటర్ లేదు. తల్లి మేజోడులో ఒక బంతి వేసి, దాన్ని బట్టలారేసే తీగకు వేలాడదీసి, బ్యాట్‌తో కొడుతూ ఉండేది. బంతి ఊగుతూ తిరిగి వస్తుంది, మళ్ళీ కొడుతుంది. కుడిచేతి బ్యాటింగ్, ఆఫ్ స్పిన్ బౌలింగ్, చురుకైన ఫీల్డింగ్ ఈ మూడింటినీ సాధనతోనే సంపాదించుకుంది.

అయితే టాలెంట్ ఉంటే చాలదు, అవకాశం కూడా రావాలి. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ మహిళల మధ్య టెస్టులు 1934లో మొదలయ్యాయి. 1937 తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చి అన్నీ ఆగిపోయాయి. మహిళల టెస్టు మళ్ళీ జరిగింది 1948లోనే. క్రీడాకారిణికి అతి విలువైన వయసు, 16 నుంచి 26 ఏళ్ళ దాకా, బెట్టీకి ఒక్క టెస్టు కూడా లేకుండానే పోయింది. ఆమె ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ సాధన మాత్రం ఆపలేదు.

1948 మార్చిలో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో తొలి టెస్టు ఆడింది. 90 పరుగులు చేసి, రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 10 వికెట్లు తీసింది. మరుసటి ఏడాది అడిలైడ్‌లో ఇంగ్లండ్ మీద 111 పరుగులు కొట్టి, ఒక ఇన్నింగ్స్‌లో 23 పరుగులకే 6 వికెట్లు పడగొట్టింది. పదేళ్ళపాటు ఎదురుచూసిన మనిషి రెండే మ్యాచ్‌లలో తానేమిటో చూపించింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో ఆడవాళ్ళ క్రికెట్‌లో జీతం లేదు, మ్యాచ్ ఫీజు లేదు. దేశం తరఫున ఆడడానికి వెళ్ళే ఖర్చులు కూడా క్రీడాకారిణులే చూసుకోవలసి వచ్చేది. బెట్టీకి పెళ్ళి నిశ్చయమై ఉంది. టూర్ కోసం ఆ పెళ్ళిని వాయిదా వేసుకుంది. చివరకు ఆ పెళ్ళి జరగనే లేదు. పెళ్ళి కుదిరిందంటే ఆడపిల్ల ఆట మానేయాలి అనే మాట మన ఊళ్ళలోనే కాదు, అక్కడా ఉండేది. 1951లో ఆమె ఆస్ట్రేలియా జట్టుతో ఇంగ్లండ్ వెళ్ళి మూడు టెస్టులూ ఆడింది.

ఇక చరిత్రలో నిలిచిన మ్యాచ్ 1958 ఫిబ్రవరిలో మెల్బోర్న్ సెయింట్ కిల్డా మైదానంలో జరిగింది. వర్షానికి తడిసిన పిచ్ మీద ఆస్ట్రేలియా 38 పరుగులకే ఆలౌట్ అయింది. అందులో బెట్టీ చేసిన 12 పరుగులే ఎక్కువ. ఇక ఓడిపోయినట్టేనని అందరూ అనుకునే స్థితి. అప్పుడు బంతి బెట్టీ చేతికొచ్చింది. 10.3 ఓవర్లు వేసింది. వాటిలో 8 మెయిడెన్లు. ఇచ్చినవి 7 పరుగులు, తీసినవి 7 వికెట్లు. వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీసి, మహిళల టెస్టుల్లో మొట్టమొదటి హ్యాట్రిక్ కూడా ఆ ఇన్నింగ్స్‌లోనే సాధించింది. ఇంగ్లండ్ 35 పరుగులకే కుప్పకూలింది.

రెండో ఇన్నింగ్స్‌లో బెట్టీ సరిగ్గా 100 పరుగులు చేసింది. తర్వాత మళ్ళీ బౌలింగ్‌కు వచ్చి 9 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. మొత్తం మ్యాచ్‌లో 16 పరుగులకు 11 వికెట్లు, ఒక సెంచరీ. ఇంగ్లండ్ 8 వికెట్లు కోల్పోయి ఎలాగో డ్రా చేసుకుంది. పురుషుల్లో గానీ మహిళల్లో గానీ ఒకే టెస్టులో సెంచరీ, 10 వికెట్లు అంతకుముందు ఎవరికీ లేవు.

ఆ సిరీస్‌తోనే, 36 ఏళ్ళ వయసులో ఆమె టెస్టు జీవితం ముగిసింది. పదేళ్ళలో ఆమెకు దొరికినవి 11 టెస్టులే. ఆ పదకొండింటిలోనే 57.46 సగటుతో 862 పరుగులు, మూడు సెంచరీలు, 11.80 సగటుతో 68 వికెట్లు. ఆమెను మహిళా బ్రాడ్‌మన్ అని పిలిచేవారు. కానీ బ్రాడ్‌మన్ ఆడింది 52 టెస్టులు. తేడా ప్రతిభలో లేదు, ఇచ్చిన అవకాశాల్లో ఉంది.

గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది. 1985లో ఆస్ట్రేలియా క్రీడా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన తొలి మహిళా క్రికెటర్ ఆమే. 2010 జనవరి 22న, 88 ఏళ్ళ వయసులో మెల్బోర్న్‌లో కన్నుమూసింది. 2015లో ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. ఆస్ట్రేలియాలో ఉత్తమ యువ క్రీడాకారిణికి 2017 నుంచి ఆమె పేరు మీదనే అవార్డు ఇస్తున్నారు.

ఆమె కాలానికీ ఇప్పటికీ ఎంతో మార్పు వచ్చింది. మన దేశంలో మహిళల టెస్టులు 1976లో మొదలయ్యాయి. 2022లో మహిళలకూ పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించారు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ వచ్చింది. 2025లో ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టులో మన కడప జిల్లా పల్లెటూరి అమ్మాయి శ్రీచరణి ఉంది. క్రికెట్ ఇప్పుడు ఆడపిల్లకు బతుకుదెరువు కూడా కాగలదు. బెట్టీ తరం వారు సొంత డబ్బు పెట్టుకుని వేసిన బాటే ఇది.

మిత్రులారా, చెప్పులు కుట్టే ఇళ్ళ నుంచి, కూలికి వెళ్ళే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలం మనం. బెట్టీ కథలో మన చేతిలో ఉన్నదీ ఉంది, మన చేతిలో లేనిదీ ఉంది. అవకాశం ఎప్పుడు వస్తుందో మనకు తెలియదు. ఆమెకు పదేళ్ళు రాలేదు. వచ్చిన రోజుకు సిద్ధంగా ఉండడం మాత్రం మన చేతిలోనే ఉంది. దానికి ఒక పాత మేజోడు, ఒక బంతి, ఒక తీగ చాలు. అవకాశం ఇవ్వగలవారికి ఒక విన్నపం: హాస్టల్ ఆడపిల్లలకు కూడా సాయంత్రం పూట ఒక గంట గ్రౌండ్ ఇవ్వండి. అక్కడ ఎంతమంది బెట్టీలు ఉన్నారో ఆడనిస్తేనే కదా తెలిసేది!