భయమున్నా తలుపు మూయని ఇల్లు

1700ల నాటి లండన్ వీధుల్లో ఒక భారీ మనిషి నడిచి వెళ్తుంటే జనం ఆగి చూసేవారు. బాట పక్కన పాతిన ప్రతి గుంజనూ చేత్తో తాకుతూ వెళ్లేవాడాయన. పొరపాటున ఒకటి తప్పిపోతే వెనక్కి వెళ్లి, దాన్ని కూడా తాకి వచ్చాకే ముందుకు కదిలేవాడు. గుమ్మం దాటాలంటే అడుగుల లెక్క కుదరాలి, అనుకున్న కాలే ముందు పడాలి. లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి నడిచి, ఆ తర్వాతే తోటివారిని కలుసుకునేవాడు. తల ఊగుతుండేది, నోటినుంచి ఈల లాంటి శబ్దాలు వచ్చేవి. నారింజ తొక్కలు దాచిపెట్టుకునే అలవాటు కూడా ఉండేది. ఎందుకని స్నేహితుడు జేమ్స్ బాస్వెల్ ఎంత అడిగినా ఆ రహస్యం చెప్పలేదు. ఆయనే 1755లో 42,000కు పైగా మాటలతో ఇంగ్లిషు నిఘంటువును లోకానికిచ్చిన డాక్టర్ శామ్యూల్ జాన్సన్.

జాన్సన్ 1709లో ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ పట్టణంలో ఒక పుస్తకాల వ్యాపారి ఇంట పుట్టాడు. పసితనంలోనే గండమాల సోకి ఒక కంటి చూపు, ఒక చెవి వినికిడి చాలావరకు పోయాయి. మెడ మీద మచ్చలు జీవితాంతం మిగిలాయి. రాజవంశీకుల స్పర్శతో ఆ జబ్బు నయమవుతుందని ఆనాటి నమ్మకం. అందుకే తల్లి 1712లో ఆ పసివాణ్ణి లండన్‌కు తీసుకెళ్లి రాణి యాన్ చేత తాకించింది. జబ్బు మాత్రం నయం కాలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు మొదలుపెట్టినా డబ్బు లేక 13 నెలలకే వదిలేశాడు. చినిగిన బూట్లతో తిరుగుతున్న అతని గది ముందు ఎవరో జాలిపడి కొత్త బూట్లు పెడితే, అభిమానం దెబ్బతిని వాటిని విసిరిపారేశాడు. తర్వాత పంతులు ఉద్యోగానికి వెళితే, ఆ ముఖకవళికలు చూసి పిల్లలు కూడా అలాగే తయారవుతారేమోనని వద్దన్నారు. ఆయనకున్నది టూరెట్ సిండ్రోమ్ అనే నాడీసంబంధమైన ఇబ్బంది కావచ్చునని నేటి వైద్యులు చాలామంది భావిస్తున్నారు. ఆనాడు దానికి పేరు లేదు. ఎగతాళి మాత్రం ఉండేది.

పైకి కనబడే ఆ వింత అలవాట్లకంటే, లోపల కనబడని భయాలు ఆయన్ని ఎక్కువ బాధించాయి. ఇరవయ్యేళ్ల వయసులో తీవ్రమైన కుంగుబాటు పట్టుకుంది. పిచ్చివాణ్ణయిపోతానేమో అన్న భయం అప్పుడు మొదలై యాభయ్యేళ్లకు పైగా వెంటాడింది. ఆ దిగులు పోగొట్టుకోవడానికి లిచ్‌ఫీల్డ్ నుంచి బర్మింగ్‌హామ్‌కు నడిచి వెళ్లి, నడిచే తిరిగొచ్చేవాడు. తన పరిస్థితినంతా లాటిన్ భాషలో రాసి, తనకు జ్ఞానపితగా ఉన్న వైద్యుడికి ఇచ్చాడు. ఆ రాత ఎంతో తెలివిగా ఉందని మురిసిపోయిన ఆ వైద్యుడు దాన్ని నలుగురికీ చూపించాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కాని జాన్సన్ మనసు విరిగిపోయింది. మళ్లీ ఆయనతో పూర్తిగా కలవలేకపోయాడు. ప్రార్థన చేయమని ఒకరు చెప్పుకున్న బాధను పదిమందికీ ప్రార్థన విన్నపంగా పంచేవాళ్లు మన సంఘాల్లో లేరా? నమ్మి చెప్పిన మాటను దాచడం కూడా ప్రేమలో భాగమే.

జాన్సన్ విశ్వాసి కాడా అంటే, దృఢమైన విశ్వాసి. ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా విలియం లా రాసిన భక్తిగ్రంథాన్ని నవ్వుకుందామని చేతపట్టి, దాని ముందు తానే ఓడిపోయాడు. అప్పటినుంచి దేవుని విషయాలు ఆయనకు ఆటలు కావు. లండన్‌లోని సెయింట్ క్లెమెంట్ డేన్స్ చర్చిలో ఆరాధనకు వెళ్లేవాడు. పుట్టినరోజున, కొత్త సంవత్సరాన, ఈస్టరునాడు ప్రార్థనలు రాసుకునేవాడు. ఎనిమిదింటికల్లా నిద్ర లేవాలని, బద్ధకం వదలాలని, బైబిలు క్రమంగా చదవాలని తీర్మానాలు చేసుకునేవాడు. మరుసటి ఏడు వెనుదిరిగి చూస్తే అన్నీ అలాగే ఉండేవి. సిగ్గుపడి ఒప్పుకొని, మళ్లీ అవే తీర్మానాలు రాసేవాడు. ఇలా ఏళ్లకేళ్లు ఓడిపోయినా, నిరాశపడి మానేయడం మాత్రం పాపమని నమ్మాడు.

మరణమంటే ఆయనకు చెప్పలేనంత భయం. దానికంటే తీర్పు అంటే ఇంకా భయం. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తలాంతుల ఉపమానం ఆయనకు నిద్ర పట్టనిచ్చేది కాదు. దేవుడు తనకెంతో తెలివినిచ్చాడు, తాను దాన్ని వృథా చేశాడన్నదే ఆయన వేదన. ఎవరూ పనిచేయలేని రాత్రి వస్తుందని ప్రభువు హెచ్చరించిన మాటను (యోహాను 9:4) తన గడియారం పలక మీద గ్రీకులో చెక్కించుకున్నాడు. ఒంటరిగా ఉండలేక, పక్కమీద నడుం వాల్చితే చెడు తలంపులు ముసురుతాయన్న భయంతో, అర్ధరాత్రి దాటినా టీ తాగుతూ స్నేహితులతో మాట్లాడుతూ కూర్చునేవాడు.

మరి ఇంత భయపడిన మనిషి ఏం చేశాడు? మనకు భయమేస్తే తలుపులు మూసుకుంటాం. జాన్సన్ తలుపులు తెరిచాడు. ఆయన భార్య ఎలిజబెత్ 1752లో చనిపోయాక ఆ ఇల్లు దిక్కులేనివారికి నీడ అయింది. కంటి ఆపరేషన్ ఫలించక చూపు పోయిన ఆనా విలియమ్స్ అక్కడే ఉండిపోయింది. ఎంత పొద్దుపోయి ఇంటికి వచ్చినా ఆమెతో కలిసి టీ తాగాకే జాన్సన్ పడుకునేవాడు. జమైకాలో బానిసగా పుట్టిన ఫ్రాన్సిస్ బార్బర్ అనే నల్లజాతి బాలుణ్ణి ఇంట్లో ఉంచుకొని, బడికి పంపి, చివరికి తన ఆస్తిలో ప్రధాన భాగానికి అతణ్ణే వారసుణ్ణి చేశాడు. డిగ్రీ లేకుండానే పేదలకు వైద్యం చేసే రాబర్ట్ లెవెట్ కూడా ఆ ఇంటివాడే. వీళ్లంతా ఒకరితో ఒకరు పోట్లాడుకునేవారు. ఇంటి యజమానికి ఇంట్లో అడుగుపెట్టాలంటేనే భయమేసే రోజులుండేవి. అయినా ఎవరినీ వెళ్లిపొమ్మనలేదు. రాజు 1762లో ఏడాదికి 300 పౌండ్ల భృతి మంజూరు చేస్తే అందులో ఎక్కువభాగం ఇలాంటివారికే పోయేది. రాత్రివేళ నడిచి వెళ్తూ, వీధి అరుగుల మీద నిద్రపోతున్న పిల్లల చేతుల్లో నాణేలు పెట్టి వెళ్లేవాడు. పెంపుడు పిల్లి హాడ్జ్‌కు ఆల్చిప్పలు కొనడానికి కూడా తానే వెళ్లేవాడు. పనివాళ్లకు చెబితే, శ్రమ పెట్టిందని ఆ మూగజీవిని ద్వేషిస్తారేమోనని ఆయన భయం! ఆ భయం ఎంత అందమైనదో చూడండి. తన భయాలతో నలిగిన మనసే ఎదుటివారి కష్టాన్ని ముందుగా పసిగట్టింది.

లెవెట్ 1782లో మరణించినప్పుడు జాన్సన్ ఒక స్మృతిగీతం రాశాడు. తనకు దొరికిన ఒకే ఒక్క తలాంతును చక్కగా వాడిన నమ్మకమైన దాసుణ్ణి ఆ పేదల వైద్యుడిలో చూశాడు. ఏ ఉపమానం తన్ను జీవితమంతా భయపెట్టిందో అదే ఉపమానంలోనుంచి స్నేహితుడికి ఆదరణ తీశాడు. ఇతరుల విషయంలో అంత దయగా చూసిన కళ్లు, తనవైపు తిరిగేసరికి కఠినంగా మారేవి. మనలోనూ చాలామందికి ఈ జబ్బు ఉంది. పక్కవాడికి దేవుని కృపను గురించి ధారాళంగా చెబుతాం. మన గదిలో మనం ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆ కృప మనకు వర్తించదనుకుంటాం.

ఆయన దేనికి వెనుకాడినా, తప్పు ఒప్పుకోవడానికి వెనుకాడలేదు. యువకుడిగా ఉన్నప్పుడు, ఉటాక్సెటర్ సంతలో పుస్తకాల దుకాణం చూసుకోమని తండ్రి అడిగితే గర్వంతో వెళ్లనన్నాడు. తండ్రి 1731లో చనిపోయాడు. ఎన్నో దశాబ్దాల తర్వాత, దేశమంతా గౌరవించే పెద్దమనిషిగా ఆ సంతకే వెళ్లి, తండ్రి దుకాణం ఉండిన చోట టోపీ తీసి, వానలో చాలాసేపు నిలబడ్డాడు. నలుగురూ నవ్వుతారన్న భయం ఆరోజు ఆయన్ని ఆపలేదు.

1783 జూన్ 17న తెల్లవారకముందే పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఒంటికేమైనా ఫర్వాలేదు, బుద్ధిని మాత్రం కాపాడమని దేవునికి మొరపెట్టుకున్నాడు. మనసు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆ ప్రార్థనను లాటిన్ పద్యంగా కట్టాడు. పద్యం అంత బాగా రాలేదు. బాగా రాలేదని తనకు తెలిసిందంటే బుద్ధి చెదరలేదని ధైర్యపడ్డాడు! కొద్దిరోజుల్లో మాట కూడా తిరిగొచ్చింది. యాభయ్యేళ్లకు పైగా దేనికి భయపడ్డాడో అది చివరిదాకా జరగలేదు.

1784 డిసెంబరులో అంత్యదినాలు వచ్చాయి. బతికే ఆశ ఉందో లేదో దాచకుండా చెప్పమని వైద్యుణ్ణి అడిగాడు. లేదని తెలిశాక, మత్తుమందులు మానేశాడు. తేటగా ఉన్న మనసుతోనే ప్రాణాన్ని దేవునికి అప్పగించాలనుకున్నాడు. ప్రభురాత్రి భోజనంలో పాల్గొన్నాడు. జీవితమంతా మరణానికి వణికిన ఆ మనిషి చివరి దినాల్లో నెమ్మది పొందాడని దగ్గరున్న వైద్యుడు చెప్పాడు. తన తలాంతుల లెక్క సరిపోయిందని కాదు, యేసుక్రీస్తు చేసిన ప్రాయశ్చిత్తం మీద ఆనుకున్నాడు గనుక. డిసెంబరు 13న 75 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు.

తాళం వేశామా లేదా అని మూడుసార్లు వెనక్కి వెళ్లి చూసేవారు, లిఫ్టు ఎక్కలేనివారు, నలుగురిలో నోరు విప్పి ప్రార్థన చేయలేనివారు, డాక్టరు రిపోర్టు తెరవడానికి చేతులు వణికేవారు మన మధ్యే ఉన్నారు. విశ్వాసముంటే భయమెందుకని మనం తేలికగా అనేస్తాం. ఆ మాటతో వాళ్ల భయం పోదు, దానికి సిగ్గు తోడవుతుంది. ఆ తర్వాత వాళ్లు మందిరంలో నవ్వు ముఖంతో కూర్చోవడం నేర్చుకుంటారు. కర్మెలు పర్వతం మీద అగ్నిని దింపిన ఏలీయా ఆ తర్వాత ప్రాణభయంతో పారిపోయి, చావును కోరుకుంటూ చెట్టు కింద పడుకుంటే దేవుడు మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, తట్టి లేపి రొట్టె పెట్టించాడు, ప్రయాణం ఇంకా దూరమని చెప్పి నడిపించాడు (1 రాజులు 19). పౌలు శరీరంలోని ముల్లును తీసేయకుండానే తన కృపను చాలినంతగా ఇచ్చాడు (2 కొరింథీ 12). భయానికి వైద్యం అవసరమైతే వైద్యుడి దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు.

భయం పోయాకే సేవ చేస్తానని కూర్చుంటే జాన్సన్ జీవితంలో ఏ పనీ జరిగేది కాదు. నిఘంటువు వచ్చేది కాదు, ఆనాకు నీడ, ఫ్రాన్సిస్‌కు చదువు దొరికేవి కావు. గుంజలు తాకుతూనే నడిచాడు, వణుకుతూనే ప్రార్థించాడు, తన దిగులు తీరకపోయినా ఇంకొకరి దిగులు తీర్చాడు. మీ ఇంట్లోనో, మీ సంఘంలోనో అలాంటివారు ఒకరుంటే, ఈ ఆదివారం వారికి బోధ చేయకండి. పక్కన కూర్చోండి. ఆ ఒకరు మీరే అయితే, మీ భయంతోపాటే ప్రభువు దగ్గరకు రండి. భయం తగ్గాక రమ్మని ఆయన ఎవరితోనూ అనలేదు.