వెలుగు కణాన్ని కొలిచిన భగవంతం గారు



పోయిన నెల మన గోడపత్రిక మీరందరూ చూశారు కదా. వరండాలో ఎండ పడే వైపు అంటించిన కాగితాల మీద ఎర్ర స్కెచ్ పెన్ను అక్షరాలన్నీ వెలిసిపోయాయి. లోపల స్టడీ హాల్లో అంటించినవి మాత్రం అట్లనే ఉన్నాయి. రోజూ రాత్రి దాకా వాటి మీద ట్యూబులైటు పడుతూనే ఉన్నది. అయినా ఏమీ కాలేదు.

నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా ఇంట్లో పొయ్యి పైన దండెం మీద మా అవ్వ ఎర్ర తువ్వాలు ఎన్నో ఏండ్ల నుంచి ఉన్నది. కింద నిప్పులు ఎర్రగా మండుతూనే ఉంటాయి. ఆ తువ్వాలకు మసి పట్టింది గాని రంగు వెలవలేదు. అదే తువ్వాలు ఒక్క ఎండాకాలం ఇప్పపూలు ఏరేటప్పుడు ఎండలో కట్టుకుంటే చాలు, రంగు పోతుంది. నిప్పు వెలుగుకు పోని రంగు ఎండ వెలుగుకు ఎందుకు పోతుంది అని మా ఫిజిక్స్ సార్‌ను అడిగాను. సార్ జవాబు చెప్పి, వెలుగు గురించి పరిశోధన చేసిన ఒకాయన మన హైదరాబాదులోనే చదువుకున్నాడని కూడా చెప్పారు. ఆయన పేరు సూరి భగవంతం. అందుకే ఈసారి ఆయన జీవిత చరిత్ర రాస్తున్నాను.

బాల్యం, చదువు

భగవంతం గారు 1909 అక్టోబర్ 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. డిగ్రీ చదువుకు హైదరాబాదు నిజాం కాలేజీకి వచ్చారు. మనం మియాపూర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్ దగ్గర దిగి కొంచెం నడిస్తే బషీర్‌బాగ్‌లో ఆ కాలేజీ కనబడుతుంది. అది 1887లో పెట్టిన కాలేజీ.

ఆ 1887 సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది జర్మనీలో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త ఒక వింత చూశాడు. లోహం మీద అతినీలలోహిత కాంతి పడితే విద్యుత్ మెరుపు సులువుగా దుముకుతున్నది. తర్వాత లెనార్డ్ అనే ఆయన పరీక్షలు చేసి 1902లో ఇంకో వింత చెప్పాడు. వెలుగు ఎంత ఎక్కువ చేసినా లోహం నుంచి బయటికి వచ్చే ఎలక్ట్రాన్ల వేగం పెరగడం లేదు. వాటి సంఖ్య మాత్రమే పెరుగుతున్నది. దీన్నే కాంతి విద్యుత్ ఫలితం అంటారు.

ఇది ఎందుకట్ల అని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. వెలుగు చిన్న చిన్న మూటలుగా వస్తుంది. ఒక్కో మూట బలం దాని రంగును బట్టి ఉంటుంది. ఎర్ర వెలుగు మూటకు బలం తక్కువ, నీలం మూటకు ఎక్కువ, అతినీలలోహితానికి ఇంకా ఎక్కువ. ఆ మూటకే తర్వాత ఫోటాన్ అని పేరు వచ్చింది.

నాకు ఇది మామిడి చెట్టుతో అర్థమైంది. కొమ్మ ఎత్తుగా ఉన్నది. వంద మంది చిన్నపిల్లలు రాళ్ళు విసిరినా ఒక్క రాయి కూడా కొమ్మ దాకా పోదు, కాయ రాలదు. బలంగా విసిరేవాళ్ళు ఒక్కరు వస్తే ఒక్క రాయికే కాయ రాలుతుంది. ఎంతమంది విసురుతున్నారు అనేది వెలుగు ఎంత ఉన్నది అనే దానిలాంటిది. ఎంత బలంగా విసురుతున్నారు అనేది రంగు. సోడియం లోహం నుంచి ఒక ఎలక్ట్రాన్ రాలాలంటే సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టుల బలం కావాలి. ఎర్ర ఫోటాన్‌కు ఉండేది సుమారు 1.8 మాత్రమే. నీలం ఫోటాన్‌కు సుమారు 2.7 ఉంటుంది. అందుకే ఎర్ర దీపాలు ఎన్ని పెట్టినా ఎలక్ట్రాన్ రాదు. సన్నటి నీలం వెలుగు పడినా వస్తుంది.

మా అవ్వ తువ్వాలు సంగతి కూడా దీనికి దగ్గరిదే. నిప్పుల్లో ఎర్ర వెలుగూ వేడీ ఎక్కువ. వాటి ఫోటాన్లు రంగును విడగొట్టలేవు. ఎండలో అతినీలలోహితం ఉన్నది. దాని ఒక్కో ఫోటాన్ రంగు అణువును విడగొట్టేంత బలమైనది.

ఐన్‌స్టీన్ మాటను వెంటనే ఎవరూ నమ్మలేదు. అమెరికాలో మిలికాన్ అనే ఆయన అది తప్పని చూపించాలని ఏండ్ల తరబడి కొలిచాడు. చివరికి 1916లో కొలతలన్నీ ఐన్‌స్టీన్ చెప్పినట్టే వచ్చాయి. తాను అనుకున్నదానికి ఎదురుగా వచ్చినా ఆ కొలతలనే అచ్చు వేయించాడు. ఈ సంగతి నాకు చాలా నచ్చింది. ఎందుకో చివర్లో చెబుతాను.

కలకత్తాలో రామన్ గారి దగ్గర

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ గారు రామన్ ఫలితాన్ని కనిపెట్టారు. రామన్ గారికి కూడా మన తెలుగు నేలతో సంబంధం ఉన్నది. వాళ్ళ నాన్న విశాఖపట్నం కాలేజీలో పాఠాలు చెప్పేవారు, రామన్ గారు చిన్నప్పుడు అక్కడే బడికి పోయారు. వెలుగు ఒక పదార్థం గుండా పోయేటప్పుడు పక్కలకు చెదురుతుంది. అట్ల చెదిరిన వెలుగులో కొంచెం భాగం రంగు మారి వస్తుంది. ఫోటాన్ అణువుకు తగిలి తన బలంలో కొంత ఇచ్చి పోతుంది, లేదా అణువు నుంచి కొంత తీసుకొని పోతుంది. అందుకే రంగు మారుతుంది. దీనికే రామన్ గారికి 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ 1928లోనే భగవంతం గారు కలకత్తా పోయి రామన్ గారి దగ్గర చేరారు. అప్పుడు ఆయనకు సుమారు పంతొమ్మిదేండ్లు. మన ఇంటర్ అక్కల కన్నా ఒకటి రెండేండ్లు పెద్ద, అంతే. తెలుగు కాని ఊరు, తెలుగు కాని మనుషులు. మనం అడవి నుంచి మియాపూర్ వచ్చిన మొదటి రోజు ఈ రోడ్లు, ఈ అద్దాల మేడలు చూసి ఎట్ల బిత్తరపోయామో గుర్తుందా? ఆయనకు ఎట్లా అనిపించిందో గాని ఆయన మాత్రం పనిలో పడ్డారు. వజ్రంలో చెదిరే వెలుగును కూడా పరీక్షించారు.

తర్వాత గురుశిష్యులిద్దరూ కలిసి పెద్ద ప్రశ్న పట్టుకున్నారు. ఫోటాన్‌కు బలం ఉన్నదని తెలిసింది. దానికి తిరుగుడు కూడా ఉన్నదా? దీన్నే స్పిన్ అంటారు. బొంగరం తిరుగుడు లాంటిదని అనుకోవచ్చు గాని అచ్చం బొంగరం కాదు. బొంగరం కాసేపటికి ఆగి పడిపోతుంది, ఫోటాన్ స్పిన్ ఆగదు. అది దానితో పుట్టిన గుణం.

ఫోటాన్‌ను పట్టి చూడలేం. మరి ఎట్ల కొలవాలి? వాళ్ళు వాయువుల్లో చెదిరిన వెలుగును తీసుకున్నారు. వాయువులో అణువులు తిరుగుతూ ఉంటాయి. ఫోటాన్‌కు స్పిన్ ఉంటే, అది తిరిగే అణువుకు తగిలినప్పుడు దాని గుర్తు చెదిరిన వెలుగులో దొరకాలి. అందుకని ఆ వెలుగులో రంగు మారని భాగాన్నీ మారిన భాగాన్నీ విడదీశారు. ఒక్కొక్క భాగంలో వెలుగు ఊగే దిక్కు ఎంత చెదిరిందో కొలిచారు. దిక్కు కుదురుగా ఉండడాన్ని ధ్రువణం అంటారు. చెదిరిన వెలుగు చాలా సన్నగా ఉంటుంది. కొంచెం తేడా కొలవడానికి చాలా ఓపిక కావాలి.

కొలతలను బట్టి ఫోటాన్‌కు స్పిన్ ఉన్నదని, అది ఒక ప్రమాణమని తేల్చారు. ప్లాంక్ స్థిరాంకం 6.626 × 10⁻³⁴ జౌల్ సెకన్లు. దాన్ని 2π తో భాగిస్తే వచ్చేదే ఆ ఒక్క ప్రమాణం. 1931లో మన దేశపు భౌతికశాస్త్ర పత్రికలో, 1932లో ఇంగ్లండులోని నేచర్ పత్రికలో ఇది అచ్చయింది. రామన్ గారి పేరూ భగవంతం గారి పేరూ రెండూ దాని మీద ఉన్నాయి. రామన్ గారు అప్పటికే నోబెల్ వచ్చిన మనిషి. భగవంతం గారికి ఇరవై రెండేండ్లు. తర్వాత 1936లో అమెరికాలో బెత్ అనే ఆయన సన్నటి దారానికి స్ఫటికపు బిళ్ళను వేలాడదీసి, దాని గుండా వెలుగును పంపి, ఆ వెలుగు బిళ్ళను కొద్దిగా మెలిపెట్టడం కొలిచాడు.

వాల్తేరు నుంచి ఢిల్లీ దాకా

1932లో భగవంతం గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో చేరారు. అది అప్పటికి ఆరేండ్ల విశ్వవిద్యాలయం. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అప్పుడు దానికి వైస్ ఛాన్సలర్. భగవంతం గారు అక్కడ భౌతికశాస్త్రం చెబుతూ పరిశోధనలు నడిపించారు. మన చెవికి వినబడని శబ్దాన్ని స్ఫటికాల్లోకి పంపి వాటి స్థితిస్థాపకత కొలిచారు. కాంతి చెదరడం మీదా రామన్ ఫలితం మీదా 1940లో పుస్తకం తెచ్చారు. 1948లో వెంకటరాయుడు గారితో కలిసి ఇంకో పుస్తకం రాశారు. స్ఫటికాల అందమైన ఆకారాల వెనక ఉన్న గణితాన్ని భౌతికశాస్త్రంలో ఎట్ల వాడాలో అందులో ఉంటుంది.

లండన్‌లో కొంతకాలం పని చేసి 1949లో మళ్ళీ మన హైదరాబాదుకు వచ్చారు, ఈసారి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి. అప్పుడే అక్కడ పాఠాలు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారాయి. ఒక భాష నుంచి ఇంకో భాషకు మారడం ఎంత కష్టమో మనకు తెలుసు. నేను కోయలో ఆలోచించి, తెలుగులో రాసి, మళ్ళీ ఇంగ్లీషు మాటలు బట్టీ పడతాను. అట్లాంటి కాలంలో ఆయన 1952 నుంచి 1957 దాకా ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు.

1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్ అయ్యారు. 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా, డీఆర్‌డీఓకు పెద్దగా ఉన్నారు. ఆ మధ్యలోనే 1962లో చైనా యుద్ధం, 1965లో పాకిస్తాన్ యుద్ధం వచ్చాయి. క్షిపణులు తయారుచేసే డీఆర్‌డీఎల్ ప్రయోగశాల కూడా 1962లోనే హైదరాబాదుకు వచ్చింది. భగవంతం గారు 1989 ఫిబ్రవరి 6న చనిపోయారు.

నేను చెప్పాలనుకున్నది

ఆయన మనలాంటివాడే అని రాస్తే వినడానికి బాగుంటుంది. కానీ అట్ల రాయలేను. ఆయనకు చిన్న వయసులోనే కాలేజీ, ల్యాబు, రామన్ లాంటి గురువు దొరికారు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మా అమ్మకు నేను రాసింది చదవడం రాదు. ఈ తేడా చిన్నది కాదు.

అయినా ఒక్కటి ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. ఇది రాయాలంటే సిగ్గుగా ఉన్నది. మొన్న ల్యాబులో పుటాకార దర్పణం నాభ్యంతరం కొనుక్కోమన్నారు సార్. నేను నా దర్పణంతో చేస్తే 15 సెంటీమీటర్లు వచ్చింది. పక్కన ఫస్టు వచ్చే అమ్మాయికి 10 వచ్చింది. నాదే తప్పనుకున్నాను. నాది కొట్టేసి 10 అని రాశాను. సార్ రికార్డు చూసి ఏమీ అనలేదు. నన్ను బయటికి తీసుకుపోయి నా దర్పణాన్ని ఎండకు పట్టి, కాగితం 10 సెంటీమీటర్ల దగ్గర పెట్టమన్నారు. వెలుగు పెద్ద చుక్కగానే ఉన్నది. మెల్లగా జరుపుతూ పోతే 15 దగ్గర చుక్క సన్నబడి కాగితం నుంచి పొగ వచ్చింది. ఇద్దరి దర్పణాలూ వేరు. నాది మొదట వచ్చిందే సరి.

నా కంటితో చూసింది కొట్టేసి ఇంకొకరి లెక్క రాసుకున్నాను. ఎందుకంటే మాలాంటివాళ్ళకు సరైనది రాదని నాకు నేనే అనుకున్నాను. మిలికాన్ తనకు ఇష్టం లేని కొలతను కూడా దాచలేదు. భగవంతం గారు ఎవరూ చూడలేని ఫోటాన్ తిరుగుడును కూడా కొలిచి చూసినాకే చెప్పారు. ఇంత పెద్దవాళ్ళు కొలత మీద అంత నమ్మకం పెట్టుకుంటే, నేను నా కొలతను ఎందుకు కొట్టేయాలి?

మన హాస్టల్ మీద సోలార్ పలకలు ఉన్నాయి. వాటి లోపల కూడా ఫోటాన్లు ఎలక్ట్రాన్లను కదిలిస్తున్నాయి. హైటెక్ సిటీ ఆఫీసులకు భూమి కింద వైర్లలో పోయే సమాచారం కూడా వెలుగుగానే పోతున్నది. ఇవన్నీ చేసేవాళ్ళలో రేపు మనం కూడా ఉండాలంటే ఇప్పుడే రికార్డులో మన కొలత మనం రాయాలి. తప్పొస్తే మళ్ళీ కొలుద్దాం. నేను నా రికార్డులో 10 కొట్టేసి మళ్ళీ 15 రాశాను. ఆ కొట్టివేత అట్లనే ఉంచాను.

వార్డెన్ మేడం, ఒక మనవి. ఈ కాగితాన్ని ఎండ పడే వైపు అంటించకండి. నల్ల సిరాతోనే రాశాను గాని, వెలుగు బలం ఎంతో ఇప్పుడు నాకు తెలుసు.

ఇట్లు
తొమ్మిదో తరగతి విద్యార్థిని