చతురస్రాలలో రంగుల భ్రమ: జోసెఫ్ ఆల్బర్స్

ఒకే బూడిద రంగు నల్లని నేపథ్యంపై లేతగా, తెల్లని నేపథ్యంపై ముదురుగా కనిపిస్తుంది. కంటికి కలిగే ఈ భ్రమనే జీవితకాల అధ్యయనంగా చేసుకున్న చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్.

జర్మనీలోని బాట్రోప్ పట్టణంలో 1888 మార్చి 19న ఆయన జన్మించారు. తండ్రి ఇళ్లకు రంగులు వేసేవారు. కొంతకాలం బడిలో పాఠాలు చెప్పిన ఆల్బర్స్ 1920లో బౌహౌస్ కళాశాలలో విద్యార్థిగా చేరి, అక్కడే అధ్యాపకులయ్యారు. నాజీల ఒత్తిడితో 1933లో ఆ సంస్థ మూతపడింది. యూదు మూలాలున్న భార్య, నేత కళాకారిణి ఆనీతో కలిసి ఆయన స్వదేశాన్ని వీడారు. అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కళాశాలలో బోధన చేపట్టేనాటికి ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రమే వచ్చు.

యేల్ విశ్వవిద్యాలయంలో చేరిన 1950లో, 62 ఏళ్ల వయసులో, ‘హోమేజ్ టు ది స్క్వేర్’ చిత్రమాలకు శ్రీకారం చుట్టారు. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు లేదా నాలుగు చతురస్రాలే ప్రతి చిత్రంలోనూ ఉంటాయి. ట్యూబుల్లోని రంగును ఎక్కువగా కలపకుండానే కత్తితో సమతలంగా పరిచేవారు. అయినా ఒక చతురస్రం ముందుకు వచ్చినట్లు, మరొకటి లోతుకు జారినట్లు తోస్తుంది. పక్కపక్కన చేరిన రంగులే ఈ భ్రమకు కారణం. ఈ పరిశోధన సారాన్ని 1963లో ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’ గ్రంథంగా వెలువరించారు.

1971లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. జీవించి ఉన్న కళాకారునికి అక్కడ ఆ గౌరవం దక్కడం అదే తొలిసారి. 1976 మార్చి 25న కన్నుమూసే నాటికి ఆయన గీసిన చతురస్రాల చిత్రాలు వెయ్యికి పైనే.