లియో సిలార్డ్: అణుబాంబుకు బీజం వేసింది ఆయనే.. వేయొద్దని సంతకాలు సేకరించిందీ ఆయనే!

'ఓపెన్‌హైమర్' సినిమా చూసినవాళ్లకు లియో సిలార్డ్ పెద్దగా గుర్తుండకపోవచ్చు. అందులో ఆయన కనిపించేది కాసేపే. కానీ అణుబాంబుకు దారి తీసిన ఐడియా మొదట తట్టింది ఈయనకే.

1898లో బుడాపెస్ట్‌లోని యూదు కుటుంబంలో పుట్టారు. బెర్లిన్‌లో ఫిజిక్స్ చదివి అక్కడే స్థిరపడ్డారు. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక, ముందే సర్ది పెట్టుకున్న రెండు సూట్‌కేసులతో రైలెక్కేశారు. ఆ రోజు రైలు దాదాపు ఖాళీ. మర్నాడు అదే రైలు కిక్కిరిసిపోయింది.. సరిహద్దులో జనాన్ని ఆపేశారు. ఒక్క రోజు తేడాతో బయటపడ్డారన్నమాట.

అదే ఏడాది సెప్టెంబర్. లండన్‌లోని సౌతాంప్టన్ రోలో సిగ్నల్ దగ్గర ఆగి, రోడ్డు దాటుతుండగా ఓ ఆలోచన వచ్చింది. ఒక న్యూట్రాన్ తగిలి అణువు పగిలితే, అందులోంచి రెండు న్యూట్రాన్లు బయటికొస్తే? ఆ రెండూ మరో రెండు అణువుల్ని పగలగొడితే? అదే చైన్ రియాక్షన్. దీనిపై పేటెంట్ తీసుకున్నారు. రహస్యం బయటికి పొక్కకూడదని దాన్ని బ్రిటిష్ నౌకాదళానికి అప్పగించారు.

కట్ చేస్తే 1939. జర్మన్ సైంటిస్టులు యురేనియం అణువును చీల్చినట్టు అప్పటికే తేలిపోయింది. హిట్లర్ చేతికి బాంబు వస్తే? సిలార్డ్ భయం ఇదే. వెంటనే ఐన్‌స్టీన్ దగ్గరికి పరిగెత్తారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు వెళ్లిన ఆ ఫేమస్ లెటర్ కింద సంతకం ఐన్‌స్టీన్‌ది.. కానీ తయారు చేసింది ప్రధానంగా సిలార్డే. 1942 డిసెంబర్ 2న చికాగోలో ఫెర్మీతో కలిసి చైన్ రియాక్షన్‌ను నిజం చేసి చూపించారు. అందరూ వెళ్లిపోయాక ఫెర్మీకి షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఇది మానవజాతికి చీకటి రోజుగా మిగిలిపోతుందని అన్నారు.

1945 మేలో జర్మనీ లొంగిపోయింది. బాంబు తయారీకి ఆయన చెప్పుకున్న కారణం అక్కడితో పోయింది. మరి జపాన్ నగరాలపై ఎందుకు? ఈ ప్రశ్నతోనే, కొద్ది వారాల్లో విదేశాంగ మంత్రి కాబోతున్న జేమ్స్ బర్న్స్ ఇంటికి వెళ్లారు. ఆయన వినలేదు. 200 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టాం, కాంగ్రెస్‌కు ఏం చెప్పాలన్నది బర్న్స్ లెక్క!

జులైలో పిటిషన్ రాశారు. లొంగుబాటు షరతులేంటో జపాన్‌కు బహిరంగంగా చెప్పకుండా, వాళ్లు కాదనకుండా బాంబు వేయడం తప్పని అందులో ఉంది. సిలార్డ్‌తో కలిపి 70 మంది సంతకాలు పెట్టారు. ఆ కాగితం అధికారుల చేతుల్లోనే తిరిగింది తప్ప ట్రూమన్ దాకా చేరనే లేదు.

ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో దాదాపు 1.40 లక్షల మంది, నాగసాకిలో 70 వేలకు పైగా చనిపోయారని అంచనా. ఎక్కువ మంది మామూలు జనమే.

జపాన్‌లో సైన్యాన్ని దింపి యుద్ధం చేస్తే అంతకంటే ఎక్కువ ప్రాణాలు పోయేవని అమెరికా ప్రభుత్వం వాదించింది. ఇప్పటికీ చాలామంది నమ్మేది ఇదే. సిలార్డ్ మాత్రం 1960లో ఓ ఇంటర్వ్యూలో ఎదురు ప్రశ్న వేశారు. ఇదే పని జర్మనీ చేసి యుద్ధంలో ఓడిపోయి ఉంటే, ఆ బాంబు వేసినవాళ్లను యుద్ధ నేరస్థులుగా ఉరి తీసేవాళ్లం కాదా అని.

యుద్ధం తర్వాత ఆయన బయాలజీ వైపు మళ్లారు. అణ్వాయుధాల కట్టడి కోసం సోవియట్ నేత కృశ్చేవ్‌నూ కలిశారు. 1960లో మూత్రాశయ క్యాన్సర్ వస్తే, తనకు ఎంత రేడియేషన్ ఇవ్వాలో తానే లెక్కగట్టి డాక్టర్లకు చెప్పారు. క్యాన్సర్ తగ్గింది. 1964 మే 30న కాలిఫోర్నియాలోని లాహోయాలో, నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు.