మోగల్లులో పుట్టిన ఏ.ఎస్. రావు గారు

మోగల్లు అనగానే మనకు అల్లూరి సీతారామరాజు గారు గుర్తుకొస్తారు. అది ఆయన పూర్వీకుల ఊరు. భీమవరం దగ్గర ఉంది. మన జంగారెడ్డిగూడెం నుంచి బస్సు మీద ఒక్క పూట ప్రయాణం. అదే ఊళ్లో 1914 సెప్టెంబరు 20న ఇంకొక గొప్పాయన పుట్టారు. ఆయనే అయ్యగారి సాంబశివరావు గారు. ఏ.ఎస్. రావు గారు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది.

ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రము చదివారు. తరువాత టాటా స్కాలర్‌షిప్పుతో అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చదివారు. తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా గారి దగ్గర పనిలో చేరారు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు కంటికి కనపడవు. వాటిని కనిపెట్టాలంటే ప్రత్యేక పరికరాలు ఉండాలి. అలాంటివి పై దేశాల నుంచి కొనుక్కునే రోజులవి. ఈయన మాత్రం ఇక్కడే తయారు చేద్దామని పూనుకున్నారు. 1956లో మన దేశపు మొదటి అణు రియాక్టరు అప్సర నడిచింది. దాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పరికరాలు ఆయన బృందం చేసినవే.

1967లో హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. కంపెనీ పెట్టారు. దాన్ని నిలబెట్టింది ఆయనే. 1969లో ఆ కంపెనీ టి.డి.సి.-12 అనే కంప్యూటరు చేసింది. తరువాత టీవీలు, వైర్‌లెస్ సెట్లు, ఓటింగు యంత్రాలు కూడా చేసింది. 1972లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. 2003 అక్టోబరు 31న చనిపోయారు. హైదరాబాదులో ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదే ఉంది.

నేను ఈయన గురించి ఎందుకు రాశానంటే, మొన్న కంప్యూటరు క్లాసులో రేడియో స్కానర్ గురించి చెప్పారు. అది ఒక్క స్టేషను దగ్గర ఉండదు. తప్పిపోయిన మేక కోసం పొద పొదకీ ఆగి విన్నట్టు, ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ దగ్గరా ఆగి వింటుంది. మాట వినపడితే అక్కడే ఉంటుంది, లేకపోతే ముందుకు పోతుంది. ఎక్కడెక్కడ వినాలో ముందు మనమే నింపాలి. వందల నంబర్లు బటన్లతో నొక్కడం కష్టం కాబట్టి కంప్యూటరులో జాబితా కొట్టి, తీగ తగిలించి పంపిస్తారు. 145.500 బదులు 154.500 కొడితే అది వేరే చోటికి పోయి వింటుంది. యంత్రం తనంతట ఆలోచించదు, చెప్పింది చేస్తుంది. ఇలాంటి సెట్లకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. హామ్ రేడియో పరీక్ష మన వయసు వాళ్లు కూడా రాయొచ్చంట.

మా ఊళ్లో సెల్లు సిగ్నలు రాదు. వాగు పొంగితే జబ్బు చేసినోళ్ల కబురు కూడా బయటికి పోదు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటి మనిషిని నేనే. పది అయితే చాలు, ఇంటికి వచ్చెయ్యమంటోంది మా అవ్వ. నాకైతే వైర్‌లెస్ పని నేర్చుకుని మా ఊరి కబురు నేనే పంపాలని ఉంది. ఆ పని పదితో రాదని అవ్వకు చెప్పాలి.

మేడమ్ గారూ, ఆదివారం కూడా ఒక గంట కంప్యూటరు గది తాళం తీయించమని మనవి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని