బ్యాటరీ లెక్క తేల్చిన కమ్మరి బిడ్డ – మైఖేల్ ఫారడే

సాలూరు నుండి ఘాట్ ఎక్కి, సుంకి, పొట్టంగి మీదుగా సెమిలిగుడ చేరే బండిలో చిన్న ఫ్రిజ్ పెట్టె ఉంటే ఇన్సులిన్ వంటి మందులను 2 నుండి 8 డిగ్రీల చలువలో ఊరికి తెచ్చుకోవచ్చు. అయితే ఇంజను ఆపిన వేళ ఆ పెట్టె బ్యాటరీని పీల్చివేస్తే బండి దారిలోనే నిలిచిపోతుంది. మందు పాడవుతుంది, రోగి ఎదురుచూస్తూ ఉండిపోతాడు. ఆ ఆపదను తప్పించేదే తక్కువ వోల్టేజీ కటౌట్. ఆ పెట్టెలోని మోటారు, చలువ, బ్యాటరీ అనే మూడు విషయాలలోనూ గొప్ప పరిశోధనలు చేసిన మహనీయుడు ఒకరున్నారు. ఆయనే మైఖేల్ ఫారడే.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ చెంత న్యూయింగ్టన్‌లో జన్మించారు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఆయన అనారోగ్యం వలన ఇల్లు గడవడమే కష్టమయ్యేది. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు మినహా ఫారడేకు బడి చదువు అబ్బలేదు. 13వ ఏట జార్జి రీబో అనే పుస్తక విక్రేత వద్ద పనికి చేరి, మరుసటి ఏడు బైండింగు శిష్యులయ్యారు. బైండు చేయవచ్చిన పుస్తకాలే ఆయనకు పాఠశాల. 1812లో ఏడు అర్ధ పెన్నీ రాగి నాణేలు, అంతే పరిమాణం గల ఏడు జింకు బిళ్లలు, ఉప్పునీటిలో తడిపిన కాగితాలు పేర్చి స్వయంగా ఒక బ్యాటరీని నిర్మించారు.

అదే సంవత్సరం రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. తాను రాసుకున్న వాటిని బైండు చేసి డేవీకి పంపారు. 1813 మార్చిలో అక్కడే సహాయకుని ఉద్యోగం లభించింది. డేవీ వెంట యూరపు యాత్ర చేస్తూ 1814లో మిలాన్‌లో వోల్టాను కలుసుకున్నారు. తొలి బ్యాటరీని రూపొందించిన ఆ పెద్దాయన పేరే నేటి వోల్టుకు ఆధారం.

1821లో ఫారడే విద్యుత్తు పారే తీగను అయస్కాంతం చుట్టూ తిరిగేటట్లు చేశారు. మోటారు కథకు అది తొలి అడుగు. 1823లో క్లోరిన్ వాయువును ద్రవంగా మార్చారు. అనంతరం అమ్మోనియా మొదలైన వాయువులను కూడా ద్రవీకరించారు. అటువంటి ద్రవం తిరిగి ఆవిరయ్యేటప్పుడు పరిసరాల వేడిని గ్రహిస్తుంది. కంప్రెసరు గల ఫ్రిజ్ పనిచేసేది ఈ ధర్మం మీదనే. 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ వలననే నేడు ఇంజను తిరుగుతుండగా ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుతున్నది.

మన విషయానికి అతి ముఖ్యమైనవి 1833-34లో వెలువడిన విద్యుద్విశ్లేషణ నియమాలు. ఎంత విద్యుత్తు ప్రవహిస్తే అంత పదార్థమే మార్పు చెందుతుందని అవి తేల్చాయి. కనుక బ్యాటరీ అక్షయపాత్ర కాదు. సీసపు పలకలలో మారవలసిన పదార్థం తరిగిన కొద్దీ వోల్టేజీ దిగిపోతుంది. పూర్తిగా ఖాళీ చేసి వదిలివేస్తే పలకల మీద గట్టి సల్ఫేటు పేరుకొని బ్యాటరీ పాడవుతుంది.

నిండిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సగం తరిగితే 12.1 ప్రాంతానికి వస్తుంది. బండిని స్టార్టు చేయవలసిన బ్యాటరీ కనుక కటౌట్‌ను సుమారు 12 వోల్టుల వద్ద తెంపేటట్లు అమర్చడం క్షేమం. భారం తొలగగానే వోల్టేజీ కొంత పైకి లేస్తుంది. అప్పుడే తిరిగి కలిపితే రిలే టకటకమని కొట్టుకుంటూ ఉంటుంది. అందుచేత ఇంజను నడిచి 13 వోల్టులు దాటిన పిమ్మటే కలిసేటట్లు ఉంచాలి. కంప్రెసరు మొదలయ్యే క్షణంలో వోల్టేజీ ఒక్కసారి కుంగుతుంది కాబట్టి తెంపడానికి అర నిమిషమైనా జాప్యం ఉండాలి.

బ్యాటరీ ప్లస్ కొన చెంతనే ఫ్యూజు, తరువాత రిలే, ఆపై ఫ్రిజ్ అనే వరుస పాటించాలి. వోల్టేజీ కొలిచే తీగను ఫ్రిజ్ తీగకు కాక, చిన్న ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే కలపాలి. లేనిచో తీగలో కలిగే నష్టం కొలతను తప్పు చూపిస్తుంది. తీగచుట్టలో విద్యుత్తును తెంచినప్పుడు నిప్పురవ్వ ఎందుకు లేస్తుందో కూడా ఫారడే 1834లో పరిశోధించారు. ఆ దెబ్బ కొలిచే సర్క్యూటుకు తగలకుండా రిలే చుట్టకు అడ్డంగా డయోడు పెడతారు. దాని గీత ఉన్న కొన ప్లస్ వైపు ఉండాలి.

ఇన్ని సాధించినా ఫారడే నిరాడంబరులు. సర్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని నిరాకరించారు. పిల్లల కొరకు క్రిస్మస్ ఉపన్యాసాలు ఇవ్వడం మాత్రం మానలేదు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులోని ఇంట్లో కన్నుమూశారు.

ఉన్నత గణితం ఆయనకు రాదు. చేతితో చేసి, కంటితో చూసి, శ్రద్ధగా రాసుకోవడమే ఆయన పద్ధతి. ఇంట తెలుగు, బడిలో ఒడియా నేర్చే మన పిల్లలకు ఆ పద్ధతి ఏ భాషలోనైనా అందుతుంది.