చర్మపు కావలి - యల్లాప్రగడ సుబ్బారావు

గౌతమిని జొన్నాడ వద్ద దాటి రావులపాలెంలో దిగినవారికి మొదట కంటబడేవి అరటిగెలలు. ఆ అరటిపండ్లకు, ప్రపంచ వైద్యచరిత్రకు ఒక చిన్న చుట్టరికం ఉన్నది. సిద్ధాంతం వద్ద వసిష్ఠను కూడ దాటి ఆవలికి పోతే వచ్చే భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, పదమూడేండ్ల ప్రాయంలో కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవలెనని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెంకమ్మ గారు వెనుకకు రప్పించి తిరిగి బడిలో కూర్చుండబెట్టారు. ఆమె పట్టుదలే లేకపోతే నేడు ఆయనను గురించి వ్రాయవలసిన పనే ఉండేది కాదు.

చదువులో ఆయన మెరుపువలె సాగినవారు కారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. (ఈ సంగతిని విద్యార్థులకు చెప్పడానికి మన ఉపాధ్యాయులు ఎందుకో జంకుతారు.) మద్రాసు వైద్యకళాశాలలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ స్ప్రూ అనే గ్రహణి వంటి వ్యాధితో కొద్ది దినాల తేడాలో కన్నుమూశారు. తానూ దాని వాత పడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు.

1923లో మామగారి అండతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతో ఆయన అమెరికా చేరారు. అప్పటికి భార్య శేషగిరి గారు గర్భవతి. తండ్రి వెళ్ళిన తరువాత పుట్టిన ఆ కుమారుడు ఏడాది నిండకుండానే ఎరిసిపెలాస్ అనే వ్యాధితో మరణించాడు. చర్మంలోని ఏ చిన్న గాటులోనుండో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చొరబడి, ఎఱ్ఱగా మంటవలె ప్రాకే జబ్బు అది. ఆ బిడ్డ ముఖాన్ని తండ్రి చూడనే లేదు.

చర్మం వట్టి తొడుగు అని మనం అనుకుంటాము. అది పొరపాటు. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మను వైద్యవిద్యార్థి చర్మపు పైపొరలో కొమ్మలు చాచిన కణాలను చూచి, అవి నాడీకణాలని భావించాడు. నిజానికవి కావలి కణాలు. సూక్ష్మజీవి జాడ దొరకగానే దానిని పట్టుకొని, రసనాళాల వెంట గజ్జలలోను చంకలలోను ఉండే రసగ్రంథులకు పోయి అక్కడి తెల్లకణాలకు చూపుతవి. అక్కడ తరిఫీదు పొందిన టి-కణాలకు చర్మానికి చేరవలసిన చిరునామా వంటి గుర్తు ఏర్పడుతుంది. అవి రక్తంలో కొట్టుకొనిపోతూ, చర్మంలోని సన్నని నాళాల గోడలు ఆ గుర్తును పట్టుకోగానే వేగం తగ్గి, దొర్లి, నిలిచి, గోడసందులనుండి లోపలికి దూరుతవి. వ్యాధి ఉన్నప్పుడే కాదు, ఆరోగ్యంగా ఉన్న చర్మంలో సైతం అవి కాపురముంటవి. ఒక మనిషి చర్మంలో సుమారు 2,000 కోట్ల టి-కణాలు ఉన్నవని, అవి రక్తంలో ఉన్నవాటికి దాదాపు రెట్టింపని 2006లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

సుబ్బారావు గారికి ఈ కథ తెలియదు. ఆయన కాలానికి టి-కణం అనే మాటే పుట్టలేదు. బోస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగి, పగలు హార్వర్డులో పరిశోధన చేశారు. 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని కనుగొన్నారు. అయినా హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ సంస్థకు మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను మ్రింగిన స్ప్రూకు అది మందు. ఆ ఆమ్లాన్నే కొద్దిగా మార్చి, దాని పనికి అడ్డు తగిలే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు చేశారు. సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో అమినోప్టెరిన్‌ను రక్తకేన్సరుతో ఉన్న పసివారికి ఇవ్వగా, తాత్కాలికంగానైనా జబ్బు వెనుకంజ వేసింది.

1947లో వెలువడిన హెట్రజాన్ మన డెల్టాకు మరింత సమీపమైనది. పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో ఆ వెదకులాట మొదలైంది. ఫలం మాత్రం మన బోదకాళ్ళకు దక్కింది. దోమ కుట్టినచోట చర్మం గుండా దూరిన పురుగు రసనాళాలలో చేరుతుంది. చర్మపు కావలివారు గ్రంథులకు పోయే త్రోవలే అవి. త్రోవ చెడితే కాలి చర్మం దిక్కులేనిదవుతుంది. వ్రేళ్ళ సందు పగుళ్ళలోనుండి స్ట్రెప్టోకాకస్ దూరుతుంది, మాటిమాటికి జ్వరం వస్తుంది, కాలు మొద్దుబారి లావెక్కుతుంది. బోస్టన్‌లోని తండ్రికి బిడ్డను దూరం చేసిన జాతి సూక్ష్మజీవే కోనసీమలో ఈ కాలినీ పీడించింది. హెట్రజాన్ తీరు విచిత్రం. గాజుగొట్టంలో అది ఫైలేరియా పిల్లపురుగులను దాదాపు ఏమీ చేయదు; శరీరంలో ప్రవేశిస్తే మాత్రం వాటిని మన రక్షకకణాలకు పట్టిస్తుంది. దేశవ్యాప్తంగా 2004 నుండి ఇంటింటికి పంచిన డి.ఇ.సి. బిళ్ళ ఇదే. అయితే ఒకసారి వాచిన కాలిని అది మునుపటివలె చేయలేదు. ఆ కాలిని దినదినమూ సబ్బునీటితో కడిగి, సందులు తడిలేకుండ తుడిచి కాపాడుకోవలసినదే.

సూక్ష్మజీవులను అణచే ఆరియోమైసిన్ కూడ ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ చేతిలో రూపొంది 1948లో ప్రకటితమైంది. అది ఎరిసిపెలాస్ క్రిమినీ అణచగలదు. ఆ ఏడు ఆగస్టు 9న ఆయన తన నివాసంలో మరణించి కనిపించారు. వయస్సు 53. భారతదేశానికి మరల తిరిగి రాలేదు. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు.

మూడేండ్ల తరువాత, 1951లో, కీళ్ళనొప్పులకు అమినోప్టెరిన్ పుచ్చుకున్నవారిలో సోరియాసిస్ పొలుసులు మాయమైనవని అమెరికాలోని వైద్యులు గమనించారు. సోరియాసిస్‌లో చర్మపు కావలి కణాలే దారి తప్పి, శత్రువు లేకపోయినా పోరు సాగిస్తవి. దాదాపు నెలరోజులలో పక్వమై రాలవలసిన చర్మపు పొర నాలుగైదు దినాలలోనే పైకి వచ్చి పేరుకుంటుంది. ఇది అంటువ్యాధి కాదు. తరగతిలో అట్టి పిల్లవానిని వేరు బల్లమీద కూర్చుండబెట్టినవారిని నేను ఎరుగుదును.

వైద్యుల పర్యవేక్షణలో వారానికి ఒక్కసారే ఇచ్చే మెథోట్రెక్సేట్ ఆ కణాలను ఎలా శాంతింపజేస్తుందో తెలియడానికి చాలకాలం పట్టింది. అది కణాలచేత అడినోసిన్ అనే పదార్థాన్ని బయటికి విడిపించి, వాటి ఆవేశాన్ని తగ్గించడం ముఖ్యమైన దారులలో ఒకటని తేలింది. ఆ అడినోసిన్ 1929లో సుబ్బారావు గారు కనుగొన్న ఎ.టి.పి.లోని భాగం. మందు వికటించకుండ వైద్యులు తక్కిన దినాలలో మరొక మాత్ర కూడ ఇస్తారు. అది ఫోలిక్ ఆమ్లం.